ఒక కంప్యూటర్, ఒక టీవీ – హాస్టలంతటికీ పాఠం

మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. కురబలకోట వైపు పల్లెల నుంచి వచ్చిన మాకు మొదట్లో కంప్యూటరంటే బెదురు. మీకు ఆ బెదురు ఉండకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గంటసేపు సాగే పాఠం వీడియో 700 ఎంబీ అనుకుందాం. ముప్పై మంది ఎవరి ఫోన్లో వాళ్ళు చూస్తే 21 జీబీ డేటా అవుతుంది. అనుమతి ఉన్న పాఠాన్ని ఒక్కసారి కంప్యూటర్లోకి దించుకుని టీవీలో అందరూ చూస్తే 700 ఎంబీతో సరి.

పద్ధతి ఇది. కంప్యూటర్‌నూ స్మార్ట్ టీవీనీ ఒకే రౌటర్‌కు కలపాలి. కంప్యూటర్లో డీఎల్ఎన్ఏ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి, పాఠాల ఫోల్డరును చూపాలి. 2003లో మొదలైన ఈ పద్ధతిని పాటించే టీవీలో ఆ ఫోల్డరు కనిపిస్తుంది. వీడియో రౌటర్ దాటి బయటికి పోదు. అందుకే నెట్ లేకున్నా పాఠం ఆగదు. దీనికి సెకనుకు సుమారు 1.6 మెగాబిట్లు చాలు. మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మెగాబిట్లు మోస్తుంది. ఒక్క కేబుల్ 100 మీటర్లు మించకూడదు. స్మార్ట్ టీవీ కాకపోతే హెచ్‌డీఎంఐ వైరుతో నేరుగా కలపవచ్చు.

మనమంతా వాడే వీఎల్‌సీ ప్లేయర్ కూడా విద్యార్థుల చేతిలోనే పుట్టింది. ఎకోల్ సాంత్రాల్ పారిస్ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో పంపాలని 1996లో ఆ పని మొదలుపెట్టారు. 2001లో దాన్ని అందరికీ ఉచితం చేశారు.

వార్డెన్ గారి అనుమతి తీసుకుని, పదో తరగతి పరీక్షలకు ముందే ప్రయత్నించండి. వెనుకబడిన తమ్ముడిని ముందు వరసలో కూర్చోబెట్టండి.