ముందు రాడ్, తరువాత కేబుల్



తాతగారి బుల్లెట్‌ను నువ్వు మళ్లీ రోడ్డెక్కించినందుకు చాలా సంతోషం. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడటం లేదనీ, క్లచ్ పట్టుకున్నా బండి ముందుకు లాగుతోందనీ రాశావు. మెకానిక్ కేబుల్ బిగించాక అది తగ్గి, ఇప్పుడు ఎత్తులో ఇంజన్ అరుస్తోంది గానీ బండి వేగం అందుకోవడం లేదన్నావు. మొదటిది క్లచ్ పూర్తిగా విడవకపోవడం, రెండోది పూర్తిగా పట్టకపోవడం. ఒకటి తగ్గి రెండోది మొదలైందంటే సర్దాల్సింది ఒకచోటైతే ఇంకోచోట సర్దారన్నమాట.

తిరువొత్తియూరులో తయారైన ఆ నాలుగు గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఎడమవైపు చైన్ కేసులో ఉంటాయి. వాటిని విడదీసే లివరేమో కుడివైపు గేర్‌బాక్సు మూతలో ఉంటుంది. రెండింటికీ మధ్య, మెయిన్ షాఫ్ట్ లోపలి రంధ్రం గుండా, సన్నటి క్లచ్ రాడ్ వెళ్తుంది. నువ్వు హ్యాండిల్ దగ్గర నొక్కితే ఆ రాడ్ ఎడమకు జరిగి ప్రెషర్ ప్లేటును నెడుతుంది.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకో. కేబుల్ సాగితే ప్లే, అంటే ఖాళీగా కదిలే వదులు, పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే ప్రెషర్ ప్లేటు లోపలికి జరిగి, రాడ్ దగ్గర ప్లే తగ్గుతుంది. రెండూ ఎదురెదురుగా నడుస్తాయి కాబట్టి, హ్యాండిల్ దగ్గర ప్లే చూసి లోపల బాగుందనుకోకూడదు. లోపల ప్లే లేకపోతే చెయ్యి వదిలినా రాడ్ ప్లేటును నెడుతూనే ఉంటుంది. ప్లేట్లు జారి మాడతాయి, రాడ్ కొస అరిగిపోతుంది.

అందుకే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఈ వరసలో చెయ్యి. ముందు కేబుల్ అడ్జస్టర్‌ను బాగా వదులు చెయ్యి. గేర్‌బాక్సు మీదున్న చిన్న మూత విప్పితే స్క్రూ, దానికి లాక్ నట్ కనిపిస్తాయి. నట్ వదులు చేసి స్క్రూను మెల్లగా లోపలికి తిప్పు. రాడ్‌కు తగిలినట్టు తెలియగానే ఆపు, బలం పెట్టకు. అక్కడి నుంచి సుమారు అర చుట్టు వెనక్కి తిప్పి, స్క్రూడ్రైవర్‌తో స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించు. ఆ తరువాతే కేబుల్ బిగించు. హ్యాండిల్ లివర్ మొదట్లో 2 నుంచి 3 మిల్లీమీటర్ల ప్లే ఉండాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు. ప్లే మారిందంటే కేబుల్ ఎక్కడో మెలిపడిందో, బిగుసుకుందో అయి ఉంటుంది.

ఇంత చేసినా క్లచ్ విడవకపోతే స్క్రూను మళ్లీ మళ్లీ తిప్పకు. చైన్ కేసు విప్పి, క్లచ్ నొక్కి, కిక్ రాడ్‌ను మెల్లగా తొక్కుతూ ప్రెషర్ ప్లేటును చూడు. అది వంకరగా లేస్తుంటే స్ప్రింగులన్నీ ఒకే పొడవున్నాయో లేదో కొలువు. స్టీలు ప్లేట్లను గాజు పలక మీద పెట్టి వంగాయేమో పరీక్షించు. జారడం తగ్గకపోతే ప్లేట్ల మందం, చైన్ కేసులో పోసిన ఆయిల్ చూడాలి.

బండి రాత్రంతా కదలకుండా ఉంటే ఆయిల్‌కు ప్లేట్లు అతుక్కుంటాయి. పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు క్లచ్ నొక్కి రెండు మూడుసార్లు కిక్ కొట్టి వాటిని విడిపించు. సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టుకుని నిలబడకు. నీ బండికి మడమతో తొక్కే న్యూట్రల్ ఫైండర్ ఉంది. మొదటి గేరులో కాక పై గేర్లలో ఉండగానే దాన్ని తొక్కడం అలవాటు చేసుకో.

ఈ పని నీ చేతులతోనే చెయ్యి నాయనా. సొంతంగా సర్దుకున్నవాడికి క్లచ్‌లో ఏ కాస్త తేడా వచ్చినా ముందే తెలుస్తుంది, దూర ప్రయాణంలో ధైర్యం ఉంటుంది. ఒక కొత్త క్లచ్ కేబుల్, సరిపడే స్పానర్లు టూల్ బాక్సులో ఎప్పుడూ ఉంచుకో. సర్దాక ఊరి బయట ఎత్తు ఎక్కించి చూసి, ఎలా ఉందో రాయి.

ఆశీస్సులతో,
మీ మావయ్య