పలకపై పునశ్చరణ: పదవ తరగతి విద్యార్థులకు

మార్కాపురం పలకపై అక్షరములు దిద్దుకొనిన తరములు తెలుగునాట ఎన్నియో కలవు. నోటుపుస్తకములు వచ్చి పలక వాడుక తగ్గినది. అయినను విజ్ఞానశాస్త్ర పరీక్షకు సిద్ధపడు విద్యార్థికి అది నేటికిని మంచి తోడు కాగలదని మనవి చేయుచున్నాము.

మన పిల్లలు పెక్కుమంది పాఠమును పదిమార్లు చదువుదురు. చదువునంతసేపు అంతయు తెలిసినట్లే యుండును. పరీక్ష గదిలో మాత్రము జ్ఞప్తికి రాదు. 2006లో రోడిగర్, కార్పికే అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగమును ప్రకటించిరి. పాఠమును రెండుమార్లు చదివినవారికి వారము తరువాత నూటికి 42 పాళ్లు గుర్తుండెను. ఒకమారు చదివి, పిదప చూడకుండ వ్రాసినవారికి 56 పాళ్లు గుర్తుండెను. 5 నిమిషములకే పరీక్షించినపుడు మాత్రము రెండుమార్లు చదివినవారే ముందుండిరి. వచ్చినదను భ్రమ ఎట్లు కలుగునో దీనివలన తెలియును.

కావున పాఠము చదివి, పుస్తకము మూసి, గుర్తున్నది పలకపై వ్రాయవలెను. గుండె, నెఫ్రాన్ పటములను చూడకుండ గీచి భాగములు గుర్తింపవలెను. పుస్తకముతో సరిచూచి, తప్పినదానిని మాత్రము మరల చదువవలెను. పలక తుడిచి మరునాడు, మూడవనాడు, వారము పిదప తిరిగి వ్రాయవలెను.

ప్రతి విషయమును మన ఊరితో ముడిపెట్టుకొనుట రెండవ పద్ధతి. మన పశ్చిమ ప్రాంతమున పెక్కు గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. ఫ్లోరిన్ బాహ్యకక్ష్యలో 7 ఎలక్ట్రాన్లు కలవు. ఇంకొకటి గ్రహించి ఫ్లోరైడు అయాను అగును. ఇది తెలిసిన బిడ్డ ఆవర్తన పట్టికలో 17వ గ్రూపును మరువదు. కాల్చిన సున్నపురాయిపై నీరు పోయగా బుసబుస పొంగి వేడెక్కుటను చూచినవానికి ఉష్ణమోచక చర్యను బట్టీపట్టు పని లేదు.

చదువురాని తలిదండ్రులును సాయపడగలరు. సాయంత్రము పుస్తకము తామే పట్టుకొని, "ఈ పాఠంలో ఏముందో నాకర్థమయ్యేట్టు చెప్పమ్మా" అని అడిగిన చాలును. బిడ్డ తడబడినచోటే తిరిగి చదువవలసిన చోటు.

వానలు లేని యేట కుటుంబములు పనికై వలసపోవు ప్రాంతము మనది. ఒక్క పరీక్ష తప్పినంతనే పిల్లలను బడి మాన్పించి పనికి పంపరాదు. తప్పినవారికి అనుబంధ పరీక్ష కలదు. ఆ వేసవిలోనైనను పలక చేతబట్టి, ఈ పద్ధతిని ఆచరింప వేడుచున్నాము.