పాఠం: గాలిమర ఎక్కకముందే

ఈ పాఠంలో: గాలిమర పనిలో ప్రమాద కారణాలను గుర్తించడం, “-కముందే” వాడకం.

చదవండి

ఎడిసన్ నుంచి అట్లాంటిక్ సిటీకి ఎప్పుడైనా వెళ్లారా? ఊరు దగ్గరపడుతుంటే ఐదు తెల్లటి గాలిమరలు కనిపిస్తాయి. అవి 2005లో వచ్చాయి. ఒక్కోటి 1.5 మెగావాట్ల కరెంటు ఇవ్వగలదు. రెక్క నిలువుగా ఉన్నప్పుడు దాని కొన దాదాపు 380 అడుగుల ఎత్తుకు చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టారు. ఎక్కడైనా సరే, రిపేరు వస్తే మనిషి పైకి ఎక్కాల్సిందే.

“ప్రమాదం” సంస్కృతం నుంచి వచ్చిన మాట. అక్కడ దాని అర్థం ఏమరుపాటు, అంటే అజాగ్రత్త. ఇప్పుడు మనం యాక్సిడెంట్‌ని ప్రమాదం అంటున్నాం. అయినా ఎవరైనా పడితే వెంటనే “చూసుకోవద్దూ!” అనేస్తాం. తప్పంతా పడినవాళ్లదే అయిపోతుంది. భద్రత చూసేవాళ్లు మాత్రం, “పడకముందే అక్కడ ఏముంది?” అని అడుగుతారు. అలా ముందే ఉన్నదాన్ని “ప్రమాద కారణం” అందాం. నూనె ఒలికిన మెట్టు మీద ఇంతవరకు ఎవరూ జారకపోయినా, అది ప్రమాద కారణమే.

గాలిమరలో నాలుగు ప్రమాద కారణాలు

1. ఎత్తు. నడుముకీ తొడలకీ భుజాలకీ పట్టీలుండే హార్నెస్ వేసుకోవాలి. దానికి రెండు కొక్కేలుంటాయి. ఒకటి విప్పకముందే రెండోది తగిలించాలి.
2. కరెంటు, తిరిగే యంత్రాలు. ముట్టుకోకముందే ఆపి, స్విచ్‌కి తాళం వేయాలి. పనిచేసే ప్రతి ఒక్కరూ ఎవరి తాళం వాళ్లే వేసి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకోవాలి.
3. ఇరుకు చోటు. రెక్కలు కలిసే హబ్ లోపల చాలా ఇరుకు. లోపలికి దూరకముందే గాలి పరీక్షించాలి.
4. మంట. 2013 అక్టోబర్ 29న నెదర్లాండ్స్‌లో ఒక గాలిమర పైన మంటలు లేచి, కిందికి దిగే దారి మూసుకుపోయింది. ఇద్దరు మెకానిక్‌లు చనిపోయారు. అందుకే ఎక్కకముందే రెండో దారి ఏదో తెలియాలి, తాడుతో దిగే సామాను పైన ఉండాలి.

ఇంకో సంగతి. పడబోయిన మనిషిని హార్నెస్ ఆపుతుంది. కానీ కదలకుండా చాలాసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి “ఎవరు దింపుతారు? ఎలా?” అన్నది కూడా నేల మీద ఉండగానే తేల్చుకోవాలి.

భాష

ఎక్కు → ఎక్కకముందే
విప్పు → విప్పకముందే
ముట్టుకో → ముట్టుకోకముందే

ఇందులో “ఎక్కక” అని ఉంది కదా, “ఎక్కవద్దు” అనుకోకండి. ఆ పని ఇంకా జరగలేదు, అంతే. “ఎక్కే ముందు” అన్నా సరైనదే. “ముందే” అంటే, ఆలస్యం చేయకూడదని గట్టిగా చెప్పినట్టు.

అభ్యాసం

చదివి, నాలుగు ప్రమాద కారణాలు వెతకండి:

*బాగా చలిగా ఉంది. రెక్కల అంచున మంచు గడ్డకట్టింది. ఇద్దరు టెక్నీషియన్లు వచ్చారు, కానీ తాళం ఒక్కటే తెచ్చారు. ఒకరి హార్నెస్ కుట్టు కాస్త ఊడింది. తాడుతో దిగే సామాను వ్యాన్‌లోనే ఉంది. “పది నిమిషాల పనే కదా!” అన్నాడు ఒకతను.*

1. ఒక్కోదానికి “-కముందే” వాడి ఒక వాక్యం రాయండి.
2. “పది నిమిషాల పనే కదా!” అన్నతనికి మీరేం చెబుతారు? మర్యాదగా, “అండీ” కలిపి చెప్పండి.
3. ఇంట్లో పెద్దవాళ్లు చేసిన పనుల్లో ఎత్తు, కరెంటు, మంట ఎక్కడ ఉండేవో అడిగి, ఐదు వాక్యాలు రాయండి.