గీజర్ కింద తడి

సిరికొండలో చలి ముదిరి గీజర్ వాడకం మొదలైన రెండో వారానికే మా బాత్రూం గోడ మీద తడి చార కనిపించింది. చూసినవాళ్లంతా "ట్యాంకు పోయింది బిడ్డా, కొత్తది తెచ్చుకో" అన్నారు. ట్యాంకును అనుమానించాల్సింది అన్నిటికన్నా చివర.

ముందు కరెంటు సంగతి. గోడ మీది స్విచ్ ఒక్కటే చాలదు, గీజర్ ఎంసీబీ కూడా దింపాలి. నీళ్లు చల్లారేదాకా ఆగాలి.

తర్వాత పొడి బట్టతో పైపులు, బిగింపులు, అడుగు భాగం తుడవాలి. నిలువు గీజర్లకు చన్నీళ్ల పైపు, ఉడుకునీళ్ల పైపు రెండూ కిందే ఉంటాయి. ఎక్కడ కారినా చుక్క అడుగునే పడుతుంది, అందుకే కన్ను మోసపోతుంది. పాత పేపరు చీల్చి ఒక్కో బిగింపుకు చుట్టి, కరెంటు లేకుండానే నీళ్లు వదిలి, అరగంట ఆగి చూడాలి. తడిసిన పేపరు దగ్గరే వాషరో టెఫ్లాన్ టేపో మార్చాలి. బలమంతా పెట్టి బిగిస్తే ట్యాంకుకు అతికిన గొట్టమే పగలొచ్చు.

చల్లగా ఉన్నప్పుడు పొడిగా ఉండి, వేడెక్కేటప్పుడే సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే భయం లేదు. 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే పావు లీటరుకు కాస్త తక్కువగా ఉబ్బుతాయి. నీళ్లు వెనక్కి పోనివ్వని వాల్వ్ అయితే ఆ ఎక్కువ నీళ్లకు అదే దారి. సన్న పైపు తగిలించి మోరీలోకి వదిలితే సరిపోతుంది. చల్లారాక కూడా కారుతూనే ఉంటే లోపల ఇసుకో సుద్దో ఇరుక్కున్నట్టు, వాల్వ్ మార్చాలి.

దాని నోరు మాత్రం ఎప్పుడూ మూయకండి. పుల్ల దూర్చి, పైన ఎం-సీల్ పూసిన ఇల్లు ఒకటి చూశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. థర్మోస్టాట్, కటౌట్ రెండూ పనిచేయని రోజున లోపలి ఒత్తిడి బయటపడేది ఆ నోటి నుంచే. అది మూసుకుంటే ట్యాంకు పేలే ప్రమాదముంది.

మా ఇంట్లో పేపర్లన్నీ పొడిగా ఉన్నాయి, చుక్క మాత్రం అడుగు మూత నుంచి పడుతోంది. మూత విప్పితే ఎలిమెంట్ ప్లేటు చుట్టూ తెల్లటి సుద్ద గీత. బోరు నీళ్లు ఊరి ఆరిన ప్రతిచోటా ఇలా గుర్తు మిగులుతుంది. ఈ ప్లేటు పొడిగా ఉండి, పైన ఇన్సులేషన్‌లోంచి తుప్పు నీళ్లు దిగితే ట్యాంకుకు చిల్లు పడ్డట్టే, దానికి అతుకు నిలవదు. మాకు ఆ తుప్పు లేదు.

నీళ్లన్నీ తీసి ప్లేటు దింపితే రబ్బరు గాస్కెట్ గట్టిపడి చిట్లింది. ట్యాంకుకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ లోపలి తీగ దాకా అరిగింది. ఏడాదికోసారి చూసి ఉంటే అంతదాకా వచ్చేది కాదు. రెండూ మార్చి, తీగల దగ్గరి తడి ఆరాక ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించాం. ట్యాంకు నింపి, ఉడుకునీళ్ల నల్లాలో గాలి పోయి నిండు ధార వచ్చాకే ఎంసీబీ ఎత్తాం.