ప్రశ్నలు - జవాబులు: స్త్రీల ఉద్యమమున పురుషుని స్థానము

ప్రశ్న: ఆర్యా, నేను వరంగల్లులో ఇంజనీరింగు చదువుచున్న యువకుడను. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి. కర్ ఆస్పత్రిలో ఒక యువ వైద్యురాలు అత్యాచారమునకును హత్యకును గురియైన పిమ్మట, మా విద్యార్థినులు జరిపిన కొవ్వొత్తుల ప్రదర్శనకు నేనును పోయితిని. మైకు చేతికి రాగా ఆవేశముతో చాలసేపు మాటాడితిని. సభ ముగిసిన తరువాత ఒక సహాధ్యాయిని, "నీవు మాటాడిన సేపటిలో మాలో ఇద్దరు ముగ్గురు మాటాడియుందురు" అన్నది. ఆ మాట నన్ను మిక్కిలి నొప్పించినది. పురుషులు ఇట్టి ఉద్యమములకు రాకుండుటయే మేలా?

జవాబు: నాయనా, తప్పక రావలెను. ఆ యువతి నిన్ను పొమ్మనలేదు. నీవు తీసికొన్న సమయమును గూర్చి మాత్రమే చెప్పినది. నీ నొప్పిలో ఆ భేదము నీకు మరుగుపడినది. ఆ ఆగస్టు 14వ తేదీ అర్ధరాత్రి, రాత్రిని స్వాధీనము చేసికొందము రండి అను పిలుపు విని వంగదేశమున వేలాది స్త్రీలు వీధులలోనికి వచ్చినప్పుడు, వారు దేహరక్షణనే గాక, తాము పడుచున్న భయమును తమ నోటితోనే లోకమునకు వినిపించు అవకాశమును గూడ కోరిరని నా నమ్మకము. నీ ఆవేశము నిజమైనదే. కాని ఆ భయము నీవు అనుభవించినది కాదు.

పురుషుడు ఉపకరించు విధమేదియో చూడగోరితివేని, మథుర కేసు చరిత్రను చదువుము. పోలీసు ఠాణాలో మథుర అను గిరిజన బాలికపై అత్యాచారము చేసిరన్న అభియోగమునుండి ఇరువురు పోలీసులను 1978లో సర్వోన్నత న్యాయస్థానము విముక్తులను గావింపగా, మరుసటి యేట నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ఆ తీర్పును తప్పుపట్టుచు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసిరి. వారిలో ఉపేంద్ర బక్షీ, రఘునాథ కేల్కర్ పురుషులు. లోతికా సర్కార్, వసుధా ధాగంవార్ స్త్రీలు. ఆ పురుషులిద్దరును తమకు వచ్చిన విద్యను, అనగా న్యాయశాస్త్రమును, తెచ్చి ఇచ్చిరి. 1980 మార్చి 8న పెక్కు నగరములలో వీధికెక్కి ఆ లేఖను ప్రజల మాటగా మార్చినవి మహిళా సంఘములు. 1983లో చట్టము సవరింపబడి, ఠాణాలలోను చెరసాలలలోను జరుగు అత్యాచారములయందు స్త్రీ తాను సమ్మతింపలేదని చెప్పినచో న్యాయస్థానము సమ్మతి లేదనియే భావింపవలెనను నియమము ఏర్పడినది. నీకు వచ్చిన విద్య ఏదో ఆలోచించి, అది వారికి కావలెనా అని ముందుగా అడుగుము.

మన తెలుగునాటి మరియొక విషయము నాకు తరచు మనస్సునకు వచ్చుచుండును. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తెలుగునాట తొలి వితంతు వివాహమును జరిపించిరని పాఠశాల బాలుడు సైతము చెప్పును. కాని, ఊరివారి బహిష్కారమునకు జడిసి వంటవారును నీళ్లవారును మానివేయగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి వండి వడ్డించిరన్న సంగతి ఎందరు స్మరించుచున్నారు? ఆ కాలమున వేదిక పురుషునిది, నీళ్లబిందె స్త్రీది. పంతులుగారిని తక్కువ చేయుటకు నేనిది వ్రాయలేదు. ఆయన భరించిన దూషణలు సామాన్యములు కావు. అయినను నేడు స్త్రీ వేదికనెక్కి మాటాడుచుండగా బిందె మోయవలసిన వంతు మనది. ఊరేగింపునకు పోలీసువారి అనుమతి కొరకు తిరుగుట, నీళ్ల డబ్బాలు చేర్చుట, ప్లకార్డులు వ్రాయుట, సభ ముగిసిన పిదప బల్లలు సర్ది చెత్త ఎత్తివేయుట, పొద్దుపోయినప్పుడు కోరినవారిని హాస్టలు వరకు దిగబెట్టుట: ఇవన్నియు ఎవరో ఒకరు చేయవలసినవే. నినాదము వారు ఎత్తుకొనిన తరువాత నీవు గొంతు కలుపుము. ప్రక్కనుండి ఎవడైనను ఎగతాళి చేసినచో వానిపై చేయి చేసికొనకుము. లాఠీలు లేచినచో ఆ దెబ్బలు ముందువరుసలో నున్న ఆడపిల్లలకే తగులును.

ఇంకొక మాట. నీ హాస్టలు గదిలో స్నేహితులు ఆడపిల్లలను గూర్చి నీచముగా మాటాడునప్పుడు అక్కడ మైకు నీదే. ఆ గదిలోనికి ఆ యువతి రాలేదు. అచ్చట నీవు మౌనము వహించి సభలో గర్జించినచో ఆమెకు ఒరుగునదేమి?

ప్రశ్న: ఊరేగింపు ఫొటోలను, బాధితురాలి చిత్రమును వాట్సాపులో పంపుట మద్దతు కాదా? — ఒక గృహిణి, కాకినాడ

జవాబు: అమ్మా, అత్యాచార బాధితురాలి పేరును చిత్రమును ప్రకటించుట మన చట్టము ప్రకారము నేరము, మరణించినదైనను అంతియే. కోల్‌కతా ఉదంతమున సామాజిక మాధ్యమములనుండి ఆమె పేరును ఫొటోలను తొలగింపుడని సర్వోన్నత న్యాయస్థానము 2024 ఆగస్టు 20న ఆదేశించినది. ఊరేగింపు ఫొటోల మాటకు వచ్చినచో, ఇంటిలో చెప్పకుండ వచ్చిన ఆడపిల్లలు అందుండవచ్చును. వారినడిగిన పిమ్మటనే పంపుడు.

ప్రశ్న: నేను ప్రకాశము జిల్లా గ్రామమొకదానిలో ఉపాధ్యాయుడను. మద్యము అమ్ము బెల్టు షాపు తీసివేయవలెనని మా ఊరి స్త్రీలు ధర్నా చేయుచున్నారు. వారిలో పలువురికి వ్రాయరాదు. పురుషులము ఒక సంఘముగా ఏర్పడి నాయకత్వము వహించినచో పని త్వరగా అగునని కొందరనుచున్నారు. మీ అభిప్రాయము?

జవాబు: అయ్యా, పని త్వరగా అగునేమో గాని అది వారి పనిగా మిగులదు. మీ పొరుగు జిల్లాయైన నెల్లూరులోనే ఇందుకు దృష్టాంతము గలదు. అక్షరాస్యతా ఉద్యమములో భాగముగా సాయంకాలపు బడులలో చేరిన స్త్రీలు, సారా వలన కూలిన కుటుంబమును గూర్చిన పాఠము చదివి, అది తమ కథయేనని గుర్తించి చర్చించుకొనిరి. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. అచ్చటి రోశమ్మగారి పేరు రాష్ట్రమంతట వినబడినది. 1992లో ఆ జిల్లా స్త్రీలు సారా వేలంపాటలకు అడ్డునిలిచిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. ఆ బడులలో చదువు చెప్పినవారిలో మీవంటి పురుషులు అనేకులుండిరి. వారు అక్షరములు నేర్పిరి, చర్చకు చోటిచ్చిరి. దుకాణము మీదికి పోవలెనన్న నిర్ణయము మాత్రము స్త్రీలది. మీకు నేను చూపగల ఉత్తమ మార్గమిదియే.

తరువాతి కథ నన్ను కలవరపెట్టును. పార్టీలన్నియు ఆ ఉద్యమమును తమదనినవి. ఖజానాకు ఆదాయము తగ్గగా 1997లో ప్రభుత్వము నిషేధమును సడలించినది. ఆనాడు ఆ స్త్రీలను పిలిచి అడిగినవారు లేరు. అంతకు పూర్వము తెలంగాణ సాయుధ పోరాటములోను ఇట్లే జరిగినది. తుపాకి పట్టిన స్త్రీలను, పోరాటము ముగిసినంతనే, ఇండ్లకు పోయి వంట చేసికొనుడనిరి. స్త్రీ శక్తి సంఘటన వారు ఆ స్త్రీల నోటి మాటలనే సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అను గ్రంథముగా వెలువరించిరి. సంఘము పెట్టదలచిన మీ మిత్రులచేత దానిని చదివింపుడు.

మీరు చేయదగిన పనులు కలవు. ఆ షాపునకు సరకు ఎచ్చటినుండి వచ్చుచున్నదో, ఎవరి అండ ఉన్నదో మగవారికి తెలిసినంత స్త్రీలకు తెలియదు. ఆ సంగతులు వారికి చెప్పుడు. త్రాగువారితో కూర్చుండి మాటాడుట మీ వంతు. భార్య చెప్పినచో దెబ్బలు తినును, మీరు చెప్పినచో తినరు. ధర్నా నాడు పిల్లలను మీ బడి అరుగుమీద కూర్చుండబెట్టుకొనుడు. అర్జీ మీరు వ్రాయుడు గాని, వారు చెప్పిన మాటలతోనే వ్రాసి, చదివి వినిపించి, మార్పుమన్నచోట మార్చి, అటుపిమ్మట వ్రేలిముద్రలు వేయింపుడు. అర్జీలు స్వీకరించు సోమవారము కలెక్టరు కార్యాలయమునకు వారితో పొండు. అధికారి మీ వైపు చూచి మాటాడినచో, వీరినడుగుడని చెప్పి వెనుకకు జరుగుడు. అర్జీకి ఇచ్చు రసీదు ఆ స్త్రీలలో ఒకరి పేరనే ఉండవలెను.