పరదేశంలో ఒక విద్యాసంవత్సరం

దేశాటనం విద్యలో భాగమని మన పెద్దల విశ్వాసం. అయితే ఒక దేశాన్ని చూసి రావడానికీ, అక్కడ ఉండి రావడానికీ చాలా భేదం ఉంది. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు 10 మంది అమెరికా వెళ్ళి, న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయాన్ని సందర్శించారు. అది కొద్ది రోజుల యాత్ర. ఉన్నత పాఠశాల వయస్సులోనే పరదేశానికి వెళ్ళి, అక్కడి కుటుంబంలో ఒకరుగా మెలగుతూ, అక్కడి పాఠశాలలో విద్యాసంవత్సరమంతా చదివి తిరిగివచ్చే పద్ధతి మరొకటి ఉంది. దానినే విద్యార్థి వినిమయం అంటారు.

పరాయి ఇంటి అన్నం తిని చదువుకోవడం తెలుగువారికి కొత్త కాదు. పూర్వం పేద విద్యార్థులు పట్టణాలలో వారాలు చేసుకొని చదువుకొనేవారు. వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం. ఏ ఇంటి ఆచారం ఏమిటో, ఏ ఇంట ఏ వేళకు వెళ్ళాలో తెలుసుకొని మసలుకోవడం వారికి పుస్తకంలో లేని పాఠం. మైదుకూరు సమీపంలోని కందిమల్లాయపల్లెలో సమాధి పొందిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, అంతకు పూర్వం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారని సంప్రదాయ కథనం. ఆ ఇల్లాలు పరాయివానికి చోటుతోపాటు ఇంటి పనిలో పాలు కూడా ఇచ్చింది. వినిమయ విద్యకు మూలసూత్రమూ ఇదే.

ఆధునిక కాలంలో ఈ పద్ధతి వ్యాప్తికి యుద్ధానుభవం ఒక ముఖ్య కారణమైంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో, కొందరు అమెరికన్లు ఫ్రాన్సులో క్షతగాత్రులను చేరవేసే స్వచ్ఛంద అంబులెన్సు దళాన్ని ఏర్పరచారు. అదే అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. రెండవ ప్రపంచయుద్ధంలో ఆ దళం భారత–బర్మా రంగంలోనూ సేవచేసింది. శత్రుత్వాల ఫలితాన్ని కళ్ళారా చూసిన ఆ సేవకులు, వివిధ దేశాల పిల్లలు ఒకరి ఇళ్ళలో ఒకరు పెరిగితే అపోహలు తగ్గుతాయని భావించి 1947లో ఉన్నత పాఠశాల విద్యార్థుల వినిమయాన్ని ఆరంభించారు.

2001 సెప్టెంబరు 11 దాడుల అనంతరం సెనేటర్లు ఎడ్వర్డ్ కెనడీ, రిచర్డ్ లూగర్‌ల చొరవతో 2002లో అమెరికా ప్రభుత్వం మరొక పథకాన్ని నెలకొల్పింది. ముస్లిం జనాభా గణనీయంగా గల దేశాల విద్యార్థులకు ఉపకారవేతనమిచ్చి ఒక విద్యాసంవత్సరం తమ దేశంలో చదివించడం దీని ఉద్దేశం. భారతదేశమూ ఇందులో చేరింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు కొందరు ఈ మార్గంలోనే అమెరికా పాఠశాలల్లో చదివి వచ్చారు. ఇటువంటి వినిమయ పథకాలలో ఆతిథ్యమిచ్చే కుటుంబం ప్రతిఫలంగా డబ్బు తీసుకోదు. విద్యార్థి గడువు ముగియగానే స్వదేశానికి తిరిగి రావాలి.

మైదుకూరు నుంచి ఒక విద్యార్థిని ఇలా వెళ్ళిందనుకుందాం. అక్కడ ఉపాధ్యాయులు తరగతి గదికి రావడం కాక, గంట మోగగానే విద్యార్థులే గదులు మారతారు. పాఠ్యాంశాలలో కొన్నింటిని విద్యార్థులే ఎంచుకొంటారు. సాయంత్రం ఆటలు, నాటకం, సంగీతం కూడా చదువులో భాగమే. ఇంట గిన్నెలు కడగడం, చెత్త బయట పెట్టడం ఆమె వంతుకు వస్తాయి. మన ఇళ్ళలో కన్నతల్లి అన్నం వడ్డిస్తే కృతజ్ఞత చెప్పడం ఉండదు. చెబితే పరాయితనంగా తోస్తుంది. అక్కడ చెప్పకపోతే అమర్యాద. పెద్దలను పేరుపెట్టి పిలవడానికి మన పిల్లలకు నోరు రాదు. అక్కడ ఇంటి యజమానురాలే అలా పిలవమని కోరవచ్చు.

ఆరంభంలోని ఉత్సాహం కొంతకాలానికి తగ్గి బెంగ కలుగుతుంది. క్రమంగా మనస్సు కుదుటపడుతుంది. ఈ హెచ్చుతగ్గులను నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రే లిస్‌గార్డ్ 1955లోనే వివరించాడు. అందరి అనుభవమూ ఈ క్రమంలోనే సాగదని తరువాతి పరిశోధకులు అన్నారు. వేసవిలో మైదుకూరులో సాయంత్రం ఆరు గంటలైనప్పుడు న్యూయార్కులో ఉదయం ఎనిమిదిన్నర. తల్లి దీపం పెట్టే వేళకు కూతురు బడికి వెళుతుంటుంది. ఫోను చేతిలో ఉన్నా తీరిక కుదరదు.

ఇంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉంది. మన పాఠ్యక్రమం వేరు, వారిది వేరు. ప్రవేశపరీక్షలకు సిద్ధమయ్యే వయస్సులో ఒక సంవత్సరం వెనుకబడితే ఎలా అని తల్లిదండ్రులు సంకోచిస్తారు. ఆ సంకోచం సహేతుకమే. తోటివారు పై తరగతికి వెళ్ళిపోతే తాను వెనుక నిలిచానన్న బాధ చిన్నది కాదు. ఆ మూల్యానికి బదులుగా ఏమి లభిస్తుందన్నదే ఆలోచించవలసిన విషయం.

ఆంగ్లభాషలో ప్రావీణ్యం లభిస్తుందని చాలామంది సమాధానం. అది నిజమే కాని చాలదు. “మీ ఊరిలో ఏమి పండుతుంది? మీ భాషలో గొప్ప కవి ఎవరు? మీ సమాజంలో కులం ఎందుకుంది?” అని ఆతిథ్య కుటుంబం అడుగుతుంది. పసుపు పండే నేలలో పుట్టి పసుపు ఎన్ని నెలల పంటో చెప్పలేని విద్యార్థి అక్కడ మౌనం వహించవలసి వస్తుంది. వేమన పద్యాలు కంఠస్థమైనా వాటి అర్థాన్ని మరొక భాషలో చెప్పలేక తడబడుతుంది. తన ఊరిలోని మంచిని చెప్పినట్లే చెడునూ నిజాయతీగా చెప్పవలసి వస్తుంది. ఆమె చెప్పిన మాటే ఆ కుటుంబానికి భారతదేశం. ఆ బాధ్యత తెలిసిన నాడు ఆమె తన ఊరిని గురించి కొత్తగా చదవడం ఆరంభిస్తుంది. అక్కడివారికి సంగటి, ఊరుబిండి చేసిపెట్టాలన్నా ముందుగా అమ్మ దగ్గర నేర్చుకొని ఉండాలి కదా!

విదేశయానం అందరికీ సాధ్యం కాదు. కాని ప్రొద్దుటూరు, కడప వసతిగృహాలలో వేరే జిల్లాల, వేరే ఆచారాల విద్యార్థులు ఒకే గదిలో ఉంటారు. కొత్తగా వచ్చిన సహాధ్యాయి మాట యాసను చూసి నవ్వడమా, వాని ఊరిని గురించి ఆసక్తితో అడగడమా అన్నది ప్రతి విద్యార్థి ముందున్న ప్రశ్నే. ఆతిథ్యమిచ్చే ఇంటివారు నేర్చే పాఠాన్ని నేర్వడానికి పాస్‌పోర్టు అక్కరలేదు.

ప్రశ్నలు

1. వారాలు చేసుకొని చదువుకోవడానికీ, నేటి వినిమయ విద్యకూ గల పోలికలను వివరించండి.
2. ఒక విద్యాసంవత్సరాన్ని పరదేశంలో గడపడం వల్ల కలిగే లాభనష్టాలను చర్చించండి.
3. విదేశీ విద్యార్థి ఒకరు మీ ఇంట సంవత్సరం పాటు ఉండవలసి వస్తే, మీ ఊరిని గురించి వారికి ఏమి చెబుతారో ఒక పుటలో రాయండి.