బిందె తనంతట తానే అతుక్కుంటుందా?



మొన్న మన కేంద్రంలో ఒక సంగతి జరిగింది. ఒక పిన్ని కుళాయి దగ్గర నుంచి నేరుగా చదువుకు వచ్చింది. ప్లాస్టిక్ బిందె గుమ్మం పక్కన దించింది. బిందె అడుగున సన్నని పగులు ఉంది. పాఠం సగం అయ్యేసరికి గుమ్మమంతా తడి. పిన్నికి కోపం వచ్చింది.

"కొని ఏడాది కానేదు. సూడు టీచరమ్మా, నా కాలికి గాజు పెంకు గుచ్చుకుంది. వారంలో మానిపోనాది. మరి ఈ బిందె ఎందుకు మానదు?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అది తప్పు ప్రశ్న కాదు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు అడిగిన ప్రశ్న అదే. కొంత జవాబు కూడా కనిపెట్టారు. ఆ సంగతి ఈ రోజు చదువుదాం.

ప్లాస్టిక్ అంటే ఏమిటి?

పూసల దండ ఊహించుకోండి. ప్రతి వస్తువూ కంటికి కనిపించని చిన్న చిన్న అణువులతో తయారవుతుంది. ప్లాస్టిక్‌లో ఆ అణువులు పూసల్లా ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటాయి. పొడుగాటి గొలుసులు అవుతాయి. ఈ గొలుసును పాలిమర్ అంటారు. గొలుసులన్నీ దువ్వని జుట్టులా ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. అందుకే బిందె గట్టిగా ఉంటుంది. మల్కాపురం వైపు వెళ్లినప్పుడు రిఫైనరీ గొట్టాలు చూశారు గదా. అక్కడ ముడి చమురును శుద్ధి చేస్తారు. చాలా రకాల ప్లాస్టిక్‌లకు పూసలు ముడి చమురు నుంచే వస్తాయి.

బిందెను రోజూ ఎండలో ఉంచితే ఎండ ఆ గొలుసులను మెల్లగా తెంపుతుంది. బిందె పెళుసు అవుతుంది. ఒకనాడు కుళాయి గట్టు తగులుతుంది. పగులుతుంది. (బిందెను నీడన పెట్టుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. ఇది పాఠంలోది కాదు, మధ్యలో నా మాట.)

కాలికి దెబ్బ తగిలితే ఏమవుతుంది? నెత్తురు వస్తుంది. గడ్డకడుతుంది. పక్కు కడుతుంది. దాని కింద కొత్త చర్మం వస్తుంది. మందు బయటి నుంచి రాలేదు. లోపలే ఉంది. బిందెకు నెత్తురు లేదు. అందుకే మానదు.

పగిలిన బిందెను మనం ఎలా బాగు చేసుకుంటాం? వీధిలోకి అతుకులు వేసేవాళ్లు వస్తారు. ఇనప చువ్వ ఎర్రగా కాలుస్తారు. పాత ప్లాస్టిక్ ముక్క కరిగించి పగులు మీద పూస్తారు. వేడికి గొలుసులు కదిలి మళ్లీ చిక్కుపడతాయి. లేదంటే ఎంసీల్ తెస్తాం. అందులో రెండు ముద్దలు ఉంటాయి. విడివిడిగా ఉంటే మెత్తగానే ఉంటాయి. కలిపి పిసికితే గట్టిపడతాయి. రెండు పద్ధతుల్లోనూ పని చేసేది మనిషే. ఈ పని ప్లాస్టిక్ తనకు తానే చేసుకోగలదా?

గుళికలో దాచిన మందు

2001లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో స్కాట్ వైట్, నాన్సీ సాట్టోస్, వారి తోటివారు ఒక కొత్త ప్లాస్టిక్ తయారు చేశారు. ఆసుపత్రిలో ఇచ్చే క్యాప్సూలు చూశారు గదా. పైన తొడుగు, లోపల మందు. అలాంటి గుళికలనే, ఇసుక రేణువంత చిన్నవి, ప్లాస్టిక్ నిండా కలిపారు. గుళికల లోపల ఒక ద్రవం పోశారు. గుళికల బయట, ప్లాస్టిక్‌లో ఒక పొడి చల్లి ఉంచారు.

ప్లాస్టిక్ పగిలింది అనుకోండి. పగులు వెళ్లే దారిలో గుళికలు కూడా పగులుతాయి. ద్రవం కారి పగులులోకి దిగుతుంది. అక్కడ పొడి తగులుతుంది. పాలలో తోడు పడితే ఏమవుతుంది? పెరుగు అవుతుంది. ఇక్కడ ఆ పొడి తోడు లాంటిది. ద్రవంలోని పూసలు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులవుతాయి. పగులు పూడుతుంది. రెండు రోజులు ఉంచి వాళ్లు బలం పరీక్షించారు. పాత బలంలో ముప్పావు వంతు దాకా తిరిగి వచ్చింది. రూపాయికి ముప్పావలా అన్నమాట. ఎవరూ చేయి పెట్టకుండా వచ్చిన ముప్పావలా!

దీనికి ఒక లోపం ఉంది. ఒకచోట గుళిక ఒక్కసారే పగులుతుంది. అదే చోట మళ్లీ దెబ్బ తగిలితే మందు లేదు. 2007లో వాళ్లే ఇంకో దారి పట్టారు. మన ఒంట్లో రక్తనాళాల్లాగా ప్లాస్టిక్ లోపల సన్నని గొట్టాలు పెట్టి, వాటి నిండా ద్రవం నింపారు. అప్పుడు ఒకే పగులు ఏడుసార్ల దాకా మానింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ ముక్క చెబుతుండగానే వెనక వరుసలో ఒక అక్క అంది: "నాకు ప్లాస్టిక్ అంటేనే బయం." ఎందుకో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

2020 మే 7. తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మనలో కొందరు ఆ చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తినవాళ్లే.

ఆ స్టైరీన్ ఏమిటి? అది కూడా పూసే. ద్రవంగా ఉంటుంది. దాని పూసలు అతుక్కుంటే పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ అవుతుంది. టీవీ పెట్టెలో వచ్చే తెల్లని థర్మాకోల్ అదే. స్టైరీన్‌కు ఒక గుణం ఉంది. చల్లగా ఉంచకపోయినా, అతుక్కోకుండా ఆపే మందు తగినంత కలపకపోయినా, పూసలు వాటంతట అవే అతుక్కోవడం మొదలుపెడతాయి. అతుక్కునేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా తొందరగా అతుక్కుంటాయి. ఇంకా వేడి పుడుతుంది. తడిసిన గడ్డిని కుప్ప వేస్తే లోపల కాగిపోతుంది చూడండి, అలాగ. లాక్‌డౌన్ రోజుల్లో పెద్ద ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్‌కు అదే జరిగింది. ప్రభుత్వం వేసిన కమిటీ కూడా ఈ మాటే చెప్పింది.

అంటే పగులు మాన్పే ప్లాస్టిక్‌లోనూ పూసలు అతుక్కోవడమే జరుగుతుంది. ఆ ట్యాంకులోనూ అదే జరిగింది. ద్రవాలు వేరు, పని ఒకటే. ఒకచోట ఇసుక రేణువంత గుళికలో చుక్క ద్రవం. ఇంకోచోట వందల టన్నులు. ఆ అక్క భయం తీసిపారేసే భయం కాదని నేను అనుకుంటాను. ఏది ఎంత ఉంది, ఎవరు కాపలా ఉన్నారు అని అడిగే భయం అది.

పిండి ముద్ద లాంటి రబ్బరు

ద్రవమూ గుళికా లేకుండా మానే రకాలు కూడా వచ్చాయి. 2008లో ఫ్రాన్సులో లుద్విక్ లేబ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఒక రబ్బరు చేశారు. దేనితో? మొక్కల నూనెల నుంచి వచ్చే పదార్థంతో, యూరియాతో. మనం పొలంలో చల్లే యూరియానే! ఆ రబ్బరును కత్తితో రెండుగా కోసి, కోసిన ముఖాలను మళ్లీ ఆనించి నొక్కితే కాసేపట్లో అతుక్కుంటుంది. పొయ్యి అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. అందులో అణువులు గట్టి ముడులతో కాక జారుముడులతో కట్టి ఉంటాయి. ముడి తేలిగ్గా ఊడుతుంది, తేలిగ్గా మళ్లీ పడుతుంది. అయితే కోసిన ముక్కలను చాలాసేపు విడిగా వదిలేస్తే, ఆ తర్వాత సరిగ్గా అతుక్కోవు.

2017లో జపాన్‌లోని టోక్యో విశ్వవిద్యాలయంలో ఇంకో విచిత్రం జరిగింది. యూ యానగిసావా అనే విద్యార్థి జిగురు తయారు చేద్దామని ఒక పాలిమర్ చేశాడు. దాన్ని కోస్తే, చేత్తో నొక్కగానే అంచులు అతుక్కున్నాయి. అతను నమ్మలేదు. మళ్లీ మళ్లీ చేసి చూశాడు. గాజులా గట్టిగా ఉండి మానే ప్లాస్టిక్ అలా అనుకోకుండా దొరికింది.

మన తెలుగు నేల మీద చదివినాయన ఒకరు కూడా ఈ వరసలో ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన మల్లారెడ్డి గారు. 2021లో ఆయన, కోల్‌కతాలో ఆయన బృందం, ఖరగ్‌పూర్ ఐఐటీ వారితో కలిసి ఒక స్ఫటికం గురించి చెప్పారు. స్ఫటికం అంటే పటికబెల్లం పలుకు లాంటిది. అది ప్లాస్టిక్ కాదు. విరిస్తే, కన్ను మూసి తెరిచేలోగా ముక్కలు ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కున్నాయి.

మన ఇంటికి ఎప్పుడు వస్తుంది?

కొంచెం వచ్చింది. 2005లో జపాన్ కంపెనీ నిస్సాన్ కార్లకు ఒక పైపూత తెచ్చింది. సన్నని గీతలు కొన్ని రోజుల్లో వాటంతట అవే పూడుకుంటాయి. తర్వాత కొన్ని ఫోన్లకూ అలాంటి పూత వేశారు. లోతు గాటు పడితే మాత్రం అవేవీ మానవు.

కారు గీతలు మనకెందుకు అంటారా? నిజమే. నాకైతే ఇవి ముందు మనిషి చేయి అందని చోట్లకు రావాలనిపిస్తుంది. రోడ్డు కింద నీళ్ల పైపు. గోడలో కరెంటు వైరు. మన ఇళ్లలో వైరు తొడుగు చిట్లితే టేపు చుట్టి వదిలేస్తాం. వాన పడితే గోడ ముట్టుకోవడానికి భయం. ఆ తొడుగు తనే మూసుకుపోతే ఎంత బాగుంటుంది! ఇంకొకటి, సముద్రపు గాలి. మన కిటికీ ఊచలు రెండేళ్లకే తుప్పు పడతాయి. పోర్టులో ఓడలకూ అదే బాధ. రంగులో గుళికలు కలిపితే, గీత పడ్డచోట ద్రవం కారి ఇనుమును కప్పుతుంది. ఇలాంటి రంగుల మీద చాలా పని జరుగుతోంది.

మరి బిందె? అలాంటి బిందె మన బజారులో లేదు. ఖరీదు ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. గుళికలోని ద్రవం తాగేది కాదు. పగిలిన బిందె మానవచ్చు, కాని ఆ ద్రవం నీళ్లలో కలిస్తే? తాగే నీటికి, తినే తిండికి వాడే ప్లాస్టిక్‌ను వేరుగా పరీక్ష చేయాలి. ఎవరైనా వీధిలోకి వచ్చి "దీనికి పగులు పడదు, పడినా అదే మానుతుంది" అని అమ్మితే, మూడు మాటలు అడగండి. గీత మానుతుందా, పగులు మానుతుందా? ఎన్నిసార్లు? నీళ్లు తాగవచ్చని ఎక్కడ రాసి ఉంది? ఇప్పుడు మీకు చదవడం వచ్చు. రాసినది చూపించమనండి.

పిన్ని తన బిందెకు బయటి వైపు ఎంసీల్ పెట్టింది. ఇప్పుడు దాన్ని గిన్నెలు తోముకునే నీళ్లకు వాడుతోంది. తాగే నీళ్లకు స్టీలు బిందె తీసింది.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. చపాతీ పిండి కలిపినప్పుడు చిన్న ముద్ద తీసుకోండి. కత్తితో కోయండి. వెంటనే రెండు ముక్కలూ కలిపి నొక్కండి. ఇంకో ముద్ద కోసి, ముక్కలను గంటసేపు గాలికి వదిలేసి, అప్పుడు నొక్కండి. రెండూ ఒకేలా అతుక్కున్నాయా? లేబ్లర్ రబ్బరు గురించి చదివిన చోటు మళ్లీ ఒకసారి చదవండి. ఏం కనిపించిందో నాలుగు వాక్యాలు రాసి, రేపు కేంద్రానికి తీసుకురండి.